ఫైబర్ పడవను దేనితో కడగాలి? కోనసీమ పాఠకునికి సమాధానం

ప్రశ్న: వశిష్ఠ గోదావరిలో, దిండి పరిసరాలలో మాకు ఒక ఫైబర్ పర్యాటక పడవ ఉంది. 20 మంది కూర్చోవచ్చు. డీజిల్ ఇంజను, వెనుక చిన్న మరుగుదొడ్డి, దాని కింద బయో ట్యాంకు ఉన్నాయి. డెక్కుకు బట్టల సబ్బు పొడి, మరుగుదొడ్డికి యాసిడ్, బ్లీచింగ్ పౌడరు, దుర్వాసనకు నల్ల ఫినాయిల్, ఇంజను జిడ్డుకు కిరోసిన్ వాడుతున్నాము. కిందటి వారం మా కళాసి కుర్రాడు మరుగుదొడ్డిలో బ్లీచింగ్ చల్లిన చోటనే యాసిడ్ పోయగా కళ్లు మండి, ఊపిరి ఆడక బయటకు పరుగెత్తాడు. ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. పక్కన వలలు వేసుకునేవారు మా పడవ నుంచి పోయే నురగను చూసి అభ్యంతరం చెబుతున్నారు. ఈ రసాయనాలన్నీ మానేసి కుంకుడుకాయలు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వంటివి వాడితే సరిపోతుందా? ఏవి కొనాలి, ఎలా వాడాలి?

సమాధానం: అయ్యా, మిగిలిన విషయాలకంటే ముందు ఆ అబ్బాయిని వైద్యునికి చూపించండి. బ్లీచింగ్ పౌడరు మీద యాసిడ్ పడినప్పుడు వెలువడేది క్లోరిన్ వాయువు. అది కళ్లలోని, గొంతులోని, ఊపిరితిత్తులలోని తడితో కలిసి ఆమ్లాలుగా మారి లోపలి పొరలను దెబ్బతీస్తుంది. పీల్చిన కొన్ని గంటల తరువాత కూడా ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు కనుక, అప్పటికప్పుడు తేరుకున్నట్టు కనిపించినవారిని కూడా ఒక రోజంతా గమనిస్తూ ఉండాలి. వారం గడిచినా దగ్గు తగ్గలేదంటే దానిని మామూలు దగ్గుగా భావించి మందుల షాపు సిరప్‌తో సరిపెట్టకూడదు. ఏ రెండు పదార్థాలు కలిశాయో, ఎంతసేపు పీల్చాడో వైద్యునికి స్పష్టంగా చెప్పండి. ఇటువంటిది మళ్లీ ఎవరికైనా జరిగితే వెంటనే గాలి వచ్చే చోటికి, వాయువు చేరని ఎత్తైన చోటికి తీసుకువెళ్లాలి. తడిసిన బట్టలు విప్పించి, కళ్లను శుభ్రమైన మంచినీటితో కనీసం 15 నిమిషాలు కడిగి, 108కి ఫోన్ చేయాలి. లోపల పడిపోయిన మనిషిని తీసుకురావడానికి మరొకరు ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగడం రెండో ప్రాణాన్ని కూడా ప్రమాదంలో పెట్టడమే అవుతుంది. ముఖానికి కట్టుకునే గుడ్డ ధూళిని కొంత ఆపుతుందే తప్ప వాయువును ఆపదు.

ఇంటి స్నానాలగదిలో అదే పొరపాటు జరిగితే ఎంత ప్రమాదమో పడవలో అంతకంటే ఎక్కువ ప్రమాదం. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది. పడవ కింది భాగం కుండ వంటిది. బరువైన వాయువు అందులోకి దిగిందంటే పైన గాలి ఎంత వీచినా అది అడుగున నిలిచే ఉంటుంది. మరుగుదొడ్డిలో పుట్టిన వాయువు నేల సందుల గుండా ఇంజను గదికి, అక్కడి నుంచి పడవ అట్టడుగున నీరు చేరే బిల్జ్‌కు దిగుతుంది. పెట్రోలు ఆవిరి, వంట గ్యాసు కూడా గాలికంటే బరువైనవే కనుక అవీ అక్కడే చేరతాయి. అందువల్ల పడవకు ఏదైనా కొనేటప్పుడు అది ఎంత తెల్లగా తోముతుందని కాక, దాని ఆవిరి ఎక్కడికి పోతుంది, కడిగిన నీరు ఎక్కడికి పోతుంది అని మొదట అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు సరిగా లేని పదార్థాన్ని, అది ఎంత చవకైనా సరే, పడవ ఎక్కించకూడదని నా అభిప్రాయం.

రెండో ప్రశ్న మీ ప్రాంతంలో మరింత ముఖ్యమైనది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీరు కాలువలకు మళ్లిన తరువాత, వేసవిలో దిగువ పాయలలోకి వచ్చే మంచినీరు చాలా తగ్గిపోతుంది. అంతర్వేది వైపు నుంచి పోటు నీరు లోపలికి వచ్చి, పాటుతో వెనక్కి పోతూ ఉంటుంది. మీరు పోటు వేళ రేవులో పోసినది సముద్రంలో కలిసిపోయిందని అనుకుంటారు గానీ, అది కొంత దూరం ఎగువకు వెళ్లి అదే రేవు మీదుగా తిరిగి వస్తుంది. ఆ నీటిలోనే వలలు ఉన్నాయి, ఆ నీటినే రొయ్యల చెరువులకు తోడుకునేవారు ఉన్నారు, వరదల కాలంలో పులస ఎదురీదేది కూడా ఈ పాయలలోనే. మీ పొరుగువారి అభ్యంతరం న్యాయమైనదే. చట్టం కూడా వారి పక్షానే ఉంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షను నదులలో కాలుష్య పదార్థాలు కలపడాన్ని నిషేధిస్తుంది. 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టంలో పడవల వల్ల కలిగే కాలుష్యం గురించి ప్రత్యేకంగా నిబంధనలు ఉన్నాయి.

ఇక రోజువారీ పని. డెక్కు మీద, కూర్చునే బల్లల మీద చేరేది ప్రధానంగా బురద, ఉప్పు, చెమట, తినుబండారాల జిడ్డు. ఇందులో అధిక భాగం ఆరకముందే మంచినీరు పోసి మెత్తని కుచ్చు ఉన్న పొడవాటి బ్రష్షుతో తోమితే పోతుంది. ఎండిన తరువాత తోమడానికి సబ్బు కావలసి వస్తుంది. ఆరకముందు తోమితే చాలా రోజులు అది లేకుండానే జరిగిపోతుంది. చివరి ట్రిప్పు ముగిసిన వెంటనే కడిగే అలవాటు చేయడమే మీరు చేయగల అతి పెద్ద పొదుపు. జిడ్డు ఉన్న చోట పాత్రలు తోమే ద్రవ సబ్బును 10 లీటర్ల నీటికి ఒకటి రెండు చెంచాలు కలిపితే సరిపోతుంది. నురగ ఎక్కువగా వస్తే ఎక్కువగా శుభ్రపడిందని అనుకోవలసిన పని లేదు. బట్టల సబ్బు పొడి ఈ పనికి తగినది కాదు. అందులో సోడా ఎక్కువ. అది అల్యూమినియం అమరికలను తినేస్తుంది, కరగని పలుకులు ఫైబర్ పైపొరను గీకుతాయి. ఫైబర్ పడవ మీద నిగనిగలాడే ఆ పైపొర జెల్ కోటు పలుచనిది. గరుకు పొడితో, ఇనుప పీచుతో గీకితే ఆ గీతలలో మురికి మరింతగా పట్టుకుంటుంది, దానిని వదిలించడానికి మళ్లీ ఘాటైన పదార్థం కావాలనిపిస్తుంది. పైగా ఇనుప పీచు వదిలే సన్నని తునకలు స్టెయిన్‌లెస్ కమ్మీల మీద, డెక్కు మీద తుప్పు చుక్కలుగా మారతాయి. పోటు వేళల్లో మీ రేవు నీరు ఉప్పగా ఉంటుంది కనుక ఆ నీటితో సబ్బు సరిగా నురగదు. అప్పుడు సబ్బు పెంచడం కాదు, ఒడ్డు నుంచి రెండు బిందెల మంచినీరు తేవడం సరైన పని. డెక్కుకు మాత్రం మెరుపు కోసం మైనం గానీ, సిలికోన్ పాలిషు గానీ ఎప్పుడూ రాయవద్దు. ప్రయాణికులు జారిపడతారు.

నీటి గీత దగ్గర ఏర్పడే పసుపు మరకకు, తేలికపాటి తుప్పుకు మీరు అడిగిన నిమ్మ ఉప్పు నిజంగానే మంచి మందు. లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాములు కరిగించి, గుడ్డ తడిపి మరక మీద 10, 15 నిమిషాలు అంటించి ఉంచి, తోమి, మంచినీటితో కడగండి. ఇది కూడా ఆమ్లమే. కళ్లలో పడకూడదు, బ్లీచింగ్‌తో అసలే కలవకూడదు. మిగిలిన ద్రావణంలో పొంగు ఆగేంతవరకు వంట సోడా కొద్దికొద్దిగా కలిపి, బావులకు దూరంగా ఒడ్డున పారబోయవచ్చు. దీనికి లొంగని ముదురు తుప్పుకు ఆగ్జాలిక్ ఆమ్లం వాడతారు. అది చక్కగా పనిచేస్తుంది గానీ మింగితే మూత్రపిండాలను దెబ్బతీసే విషం. అటువంటి పనిని పడవను ఒడ్డుకు లాగినప్పుడు, చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, అనుభవం ఉన్నవారి చేత మాత్రమే చేయించండి.

మరుగుదొడ్డి విషయంలో మీకు ఒక మేలు కూడా ఉంది. బయో ట్యాంకులో మలాన్ని కుళ్లించి నీరుగా, వాయువుగా మార్చేవి సూక్ష్మజీవులు. యాసిడ్, బ్లీచింగ్, ఫినాయిల్ మూడూ వాటిని చంపుతాయి. అవి చచ్చిన ట్యాంకు పేరుకే బయో ట్యాంకు. అందులోనుంచి బయటకు పోయేది శుద్ధి కాని మురుగే. మీరు దుర్వాసనకు నల్ల ఫినాయిల్ వాడుతున్నామని రాశారు. ఆ దుర్వాసనకు కారణం బహుశా ట్యాంకు పనిచేయకపోవడమే. ఫినాయిల్ పోసిన కొద్దీ అది ఇంకా పనిచేయకుండా పోతుంది. అందువల్ల ఆ బేసిన్‌లో ఈ మూడింటినీ పూర్తిగా మానివేయండి. రోజూ బ్రష్షు, నీరు, రెండు చుక్కల ద్రవ సబ్బు. గార పట్టిన చోట వారానికి ఒకసారి కొద్దిగా నిమ్మ ఉప్పు ద్రావణం. ట్యాంకు అమర్చినవారిని పిలిపించి సూక్ష్మజీవులను మళ్లీ వేయించండి. దీనివల్ల యాసిడ్, బ్లీచింగ్ ఒకే గదిలో ఉండవలసిన అవసరమే తప్పిపోతుంది. మీ అబ్బాయికి జరిగినది మళ్లీ జరగకుండా ఉండడానికి ఇంతకంటే గట్టి ఏర్పాటు నాకు తోచదు. ఎందుకంటే జాగ్రత్తగా ఉండమని చెప్పిన మాట అలసటలో మరచిపోవచ్చు. లేని సీసాను ఎవరూ పొరపాటున వంచలేరు.

నల్ల ఫినాయిల్‌ను బేసిన్‌లోనే కాదు, పడవలో ఎక్కడా వాడవద్దు. అందులోని తారు సంబంధమైన ఫినాల్ పదార్థాలు చేపలకు విషం, చర్మాన్ని కాలుస్తాయి. తెల్ల ఫినాయిల్ చాలావాటిలో ఉండే పైన్ నూనె రబ్బరు వాషర్లను, వాల్వులను ఉబ్బించి పాడుచేస్తుంది.

బ్లీచింగ్ పూర్తిగా అనవసరమా అంటే, కాదు. ఎవరికైనా వాంతి అయినప్పుడు, మురుగు పొంగినప్పుడు ఆ చోటును క్రిమిరహితం చేయాలి. అయితే మురికి మీద బ్లీచింగ్ చల్లితే దాని శక్తి ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. ముందు పాత గుడ్డతో ఎత్తివేసి, సబ్బునీటితో తుడిచి, ఆ తరువాతే బ్లీచింగ్ నీరు పట్టించాలి. కొత్తగా మూత తీసిన మంచి బ్లీచింగ్ పౌడరులో సుమారు మూడో వంతు క్లోరిన్ లభిస్తుంది కనుక 10 లీటర్ల నీటికి 30 గ్రాములు వేస్తే 0.1 శాతం ద్రావణం వస్తుంది. అదే 5 శాతం ఉన్న ద్రవ బ్లీచ్ అయితే ఒక పాలుకు 49 పాళ్ల నీరు. పొడిని పడవలో కలపవద్దు. ఒడ్డున ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైన తేరిన నీటిని మాత్రమే పడవలోకి తేవాలి. గుడ్డతో పట్టించి 10 నిమిషాలు ఉంచి మంచినీటితో తుడవండి, లేకుంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌కు కూడా గుంటలు పడతాయి. ఏ రోజుకు ఆ రోజే కలుపుకోవాలి. మిగిలినది నదిలో పోయకుండా బకెట్టుతోనే ఒడ్డున, పిల్లలకు అందని చోట ఎండలో ఒకటి రెండు రోజులు వదిలితే ఎండకు దాని ఘాటు చాలావరకు విరిగిపోతుంది. ఆ నీటితో అమ్మోనియా ఉన్న ద్రవాలను కూడా కలపకూడదు, అప్పుడు పుట్టేది మరో విషవాయువు. అన్నిటికంటే ముఖ్యంగా, బ్లీచింగ్ పౌడరును డీజిల్, గ్రీజు, నూనె గుడ్డల దగ్గర ఉంచవద్దు. అది ప్రబలమైన ఆక్సీకారిణి, నూనెలతో కలిస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. మీ ఇంజను గది మూలన బ్లీచింగ్ డబ్బా ఉంటే ఈ ఉత్తరం చదివిన వెంటనే దానిని ఒడ్డుకు చేర్చండి.

ఇంజను గది గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నదికి అతి ఎక్కువ హాని అక్కడినుంచే జరుగుతుంది. బిల్జ్‌లో నీటి మీద నూనె తెట్టు కట్టినప్పుడు చాలామంది సరంగులు అందులో ఇంత సబ్బు పోసి పంపు వేస్తారు. బయట నీటిమీద రంగుల పొర కనిపించదు కనుక నూనె పోయిందని సంతృప్తి పడతారు. నూనె ఎక్కడికీ పోలేదు. సబ్బు దానిని సన్నని బిందువులుగా విడగొట్టి నీటిలో కలిపింది. తెట్టుగా పైన తేలినప్పుడు ఎత్తివేయగలిగేవాళ్లం, ఇప్పుడు ఎవరూ ఎత్తలేరు, చేపల మొప్పలకు అది మరింత సులభంగా తగులుతుంది. సరైన పద్ధతి ఇది: ముందుగా తనంతట తానే పనిచేసే బిల్జ్ పంపు స్విచ్చిని ఆపండి. నూనెను పీల్చే ప్యాడ్లు దొరికితే తెప్పించుకోండి. దొరకకపోతే మీ సీమలో సమృద్ధిగా ఉన్న కొబ్బరి పీచు పొట్టునే బాగా ఎండబెట్టి, పలుచని గుడ్డ సంచులలో కుట్టి తెట్టు మీద తేలేయండి. పొట్టును విడిగా వేస్తే పంపులో ఇరుక్కుంటుంది. నూనె తాగిన సంచులను మూత ఉన్న ఇనుప డబ్బాలో ఉంచి, వాడిన ఇంజన్ ఆయిల్‌తోపాటు దానిని అధికారికంగా సేకరించేవారికి అప్పగించండి. నీటిమీద రంగుల పొర పూర్తిగా పోయిన తరువాతే పంపు వేయండి. అసలు నూనె ఎక్కడ కారుతోందో చూసి ఆ వాషరు మార్పిస్తే ఈ పని సగానికి తగ్గుతుంది.

ఇంజను తుడవడానికి కిరోసిన్ మానండి, పెట్రోలు తలుపు దాకా కూడా రానివ్వవద్దు. ఆ ఆవిరి బిల్జ్‌లో చేరి ఉండగా స్టార్టరు నుంచో, పంపు స్విచ్చి నుంచో ఒక్క నిప్పురవ్వ చాలు. నీటితో కడిగే రకం డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే ద్రవం, కొనండి. ఇంజను చల్లారిన తరువాత, బ్యాటరీ తీగ విప్పి, మూతలన్నీ తెరచి, గుడ్డకు రాసి తుడవండి. నేరుగా పిచికారీ చేయకండి. డీగ్రీజర్ డబ్బా మీద కాస్టిక్ సోడా లేదా సోడియం హైడ్రాక్సైడ్ అని ఉంటే అల్యూమినియం భాగాలకు అది పనికిరాదు. అల్యూమినియాన్ని తింటూ అది మండే స్వభావం గల హైడ్రోజన్‌ను కూడా విడుదల చేస్తుంది. డబ్బా మీద బయోడిగ్రేడబుల్ అని రాసి ఉంటే దానిని నదిలో పోయవచ్చునని అర్థం చేసుకోకండి. సాధారణంగా చేసే పరీక్షలో 28 రోజులలో కనీసం 60 శాతం విచ్ఛిన్నమైతే ఆ మాట వాడతారు. పోసిన గంటలో అక్కడున్న చేపపిల్లకు ఆ 28 రోజులు ఉండవు.

కిటికీలకు యాక్రిలిక్ రేకులు ఉంటే స్పిరిట్, థిన్నర్, అమ్మోనియా కలిసిన అద్దాల ద్రవం తగలనివ్వవద్దు, సన్నని పగుళ్లు వచ్చి మసకబారతాయి. నీరు, సబ్బు, మెత్తని గుడ్డ చాలు. లైఫ్ జాకెట్ల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. వాటిని బ్లీచింగ్‌లో నానబెట్టినా, పెట్రోలుతో మరకలు తుడిచినా పట్టీలు, కుట్లు బలహీనపడతాయి. చూడటానికి శుభ్రంగా ఉంటాయి, అవసరానికి తెగిపోతాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగిన ఘోరం తరువాత గోదావరి మీద పడవ నడిపేవారికి లైఫ్ జాకెట్ విలువ వేరే చెప్పనవసరం లేదు. తేలికపాటి సబ్బునీటితో తుడిచి, మంచినీటితో కడిగి, నీడలో, గాలి తగిలేటట్టు వేలాడదీసి పూర్తిగా ఆరిన తరువాతే సర్దండి.

ఇప్పుడు కుంకుడుకాయల సంగతి. చేతులకు, ఊపిరితిత్తులకు అవి యాసిడ్ కంటే ఎంతో మేలు, అందులో సందేహం లేదు. కానీ నదికి హాని చేయవని మాత్రం చెప్పలేను. కుంకుడు నురగకు కారణం సపోనిన్లు. చెరువులో అక్కరలేని చేపలను చంపడానికి మీ చుట్టుపక్కల రొయ్యల రైతులు చల్లే టీ విత్తనాల పిండిలో, ఇప్పపిండిలో పనిచేసేవి కూడా సపోనిన్లే. అవి చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. ప్రకృతి నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో కుంకుడు రసాన్ని బకెట్ల కొద్దీ రేవులో పారబోస్తే మీ పొరుగువారికి ఒరిగేది ఏమీ లేదు. వాడదలచుకుంటే ద్రవ సబ్బులాగే కొద్దిగా వాడండి, కడిగిన నీటిని తుడిచి బకెట్టులోకి పిండి ఒడ్డున పోయండి. అసలు సబ్బు కావలసిన పెద్ద కడుగుళ్లన్నీ నెలకో, రెండు నెలలకో ఒకసారి పడవను ఒడ్డుకు లాగి, నీరు నేలలోకి ఇంకే చోట చేసుకోవడం మంచిది. అయితే అడుగున నాచు పట్టకుండా రాగి కలిసిన రంగు వేయించి ఉంటే ఆ భాగాన్ని నీటిలో ఉండగా గట్టిగా గీకవద్దు. రాగి నీటిలో కలుస్తుంది, రంగు త్వరగా అరిగి మీకు ఖర్చూ పెరుగుతుంది.

పని చేసే తీరు గురించి మీ కళాసీలకు కొన్ని మాటలు గట్టిగా చెప్పండి. ప్రయాణికులు ఉండగా బ్లీచింగ్ నీరు, డీగ్రీజర్ తీయకూడదు. లోపలి గదులలో ఒక్కరే పని చేయకూడదు, తలుపు గడియ వేసుకోకూడదు. ఒక పదార్థంతో పని పూర్తయి, నీటితో బాగా కడిగిన తరువాతే మరొకటి ముట్టుకోవాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టెలో కాదు, ఒంటి మీద ఉండాలి. వాటి ఖర్చు యజమానిదే. మంచినీళ్ల సీసాలో, శీతల పానీయాల సీసాలో ఏ ద్రవాన్నీ పోసి ఉంచకూడదు. ఎండలో పనిచేసి దాహంతో వచ్చిన మనిషి చేతికి అది అందితే ఏమవుతుందో మీరు ఊహించగలరు.

మీ దగ్గర మిగిలిన యాసిడ్‌ను వదిలించుకోవాలని నదిలోగానీ, మరుగుదొడ్డిలోగానీ పోయకండి. మూత బిగించి, అసలు డబ్బాలోనే, బ్లీచింగ్‌కు దూరంగా ఒడ్డున తాళం వేసి ఉంచి, కొన్న దుకాణదారునికి తిరిగి ఇవ్వగలరేమో అడగండి. ఆయన తీసుకోకపోతే ప్రమాదకర వ్యర్థాలను ఎక్కడ అప్పగించాలో పంచాయతీ కార్యాలయంలో విచారించండి. కొత్తగా కొనవలసినవి ఒక ద్రవ సబ్బు, కిలో నిమ్మ ఉప్పు, వంట సోడా, నీటితో కడిగే డీగ్రీజర్, నూనె పీల్చే ప్యాడ్లు, రెండు జతల తొడుగులు, రెండు కళ్లద్దాలు. వాటికంటే ముందు ఆసుపత్రి పని చూడండి.